కంపెనీ పెట్టిన బడి

ఉగాది సంచికకు చరిత్ర విషయమేదైనా వ్రాయవలసినదని కార్యవర్గమువారు అడిగినప్పుడు, శాసనములు, రాజవంశములు మా చేతికి అందే సరుకు కాదనిపించినది. వాటికి పండితులున్నారు. మన పెరంబూరు, ఓటేరి, పులియాంతోపు పేటలలో తెలుగు కుటుంబములు తరతరములుగా కాపురములున్నవి. వీరిలో చాలమంది తాతముత్తాతలు పొట్ట చేతపట్టుకొని వచ్చి చేరినది రెండే చోట్లకు. ఒకటి రైలు కార్ఖానా, రెండవది బిన్నీవారి మిల్లు. ఆ పెద్దల పిల్లలకు అక్షరము ఎవరు నేర్పినారు, చేతిపని ఎవరు నేర్పినారు, నేర్పించినవారికి దానివల్ల ఏమి ఒరిగినది అనునదే మేము ఎత్తుకొన్న విషయము.

ఇప్పుడు పత్రికలలో సి.ఎస్.ఆర్. అను మూడక్షరముల మాట తరచు కనబడుచున్నది. కంపెనీల సామాజిక బాధ్యత అని దాని అర్థము. ఫలానా కంపెనీ ఫలానా ప్రభుత్వ పాఠశాలకు బల్లలు, కంప్యూటర్లు ఇచ్చినదనీ, ఫలానా పల్లెలో కుట్టుపని నేర్పు కేంద్రము తెరచినదనీ ఫొటోలతో సహా వేయుదురు. ఇదేదో నిన్న మొన్న పుట్టిన పుణ్యమని మనవారిలో కొందరు అనుకొనుచున్నారు. అది పుణ్యమూ కాదు, కొత్తదీ కాదు. దానికి పెద్ద పూర్వకథ ఉన్నది. ఆ కథలో కొంత భాగము మన వీధులలోనే జరిగినది.

పని నేర్పుట గురించి మన దేశములో వచ్చిన తొలి చట్టము 1850వ సంవత్సరపు అప్రెంటిసుల చట్టము. అది ముఖ్యముగా అనాథల కొరకు, ధర్మసంస్థలు పెంచుచున్న బీదపిల్లల కొరకు చేసినది. పదేండ్లు దాటి పదునెనిమిది నిండని పిల్లలను ఒప్పందము వ్రాసి ఒక పనివానికి అప్పగించవలెను. వయసు వచ్చుసరికి వారి కూడు వారే సంపాదించుకొనవలెను. అంతే దాని ఉద్దేశము. మన కంసాలి, వడ్రంగి, సాలె ఇండ్లలో కొడుకు తండ్రి ప్రక్కన, మేనల్లుడు మేనమామ ప్రక్కన కూర్చుండి పని నేర్చుట ఎప్పటినుండియో ఉన్నదే. చట్టము దానికి ఒక కాగితము చేర్చినది.

తరువాత మిల్లులు వచ్చినవి. మన పెరంబూరు ప్రాంతములో బకింగ్‌హాం మిల్లు 1876లో, కర్ణాటిక్ మిల్లు 1881లో బిన్నీ కంపెనీ చేతిమీదుగా వెలసినవి. 1920లో రెండును ఒకే కంపెనీ అయినవి. ఖాకీ గుడ్డకు ఈ మిల్లు పేరు దేశమంతటా మారుమ్రోగినది. మిల్లులో పెద్దలతో బాటు పిల్లలు కూడ పనిచేసినారు. ఈ సంగతి తెలియనిదే మిల్లు బడి సంగతి తెలియదు గనుక, ఇక్కడ కొంచెము నిలువవలసియున్నది.

1881లో వచ్చిన ఫ్యాక్టరీ చట్టము ఏడేండ్లలోపు పిల్లలను మాత్రమే పనినుండి తప్పించినది. ఏడు మొదలు పన్నెండు వరకు ఉన్నవారు రోజుకు తొమ్మిది గంటలు పనిచేయవచ్చునన్నది. ఏడేండ్ల బిడ్డకు తొమ్మిది గంటలు! ఇది పిల్లలను కాపాడుటకు చేసిన చట్టమని మరువరాదు. 1891లో అడుగు హద్దు తొమ్మిదేండ్లకు పెరిగినది, పని ఏడు గంటలకు తగ్గినది. 1911లో బట్టల మిల్లులలో ఆరు గంటలు చేసినారు. 1922లో పన్నెండేండ్లలోపు వారికి పని పూర్తిగా నిషిద్ధమైనది. స్వతంత్రము వచ్చిన తరువాత 1948 చట్టముతో ఆ హద్దు పదునాలుగేండ్లయినది. చదువరులు ఈ లెక్కలను తమ ఇంటి పెద్దల పుట్టినయేడుతో సరిచూచుకొన్నచో, ఏ తాత ఏ వయసున మిల్లు గేటులోనికి పోయియుండునో తేలిపోవును.

పని గంటలు తగ్గిన పిల్లలను హాఫ్ టైమర్లు అనేవారు. సగము పూట మిల్లు, మిగిలిన పూట ఖాళీ. బిన్నీవారు ఇరువదవ శతాబ్దము తొలి రోజులలోనే పనివారి పిల్లల కొరకు ఉచితముగా పాఠశాల నడిపినారు. హాఫ్ టైమరు ఒక పూట దారము చూచుకొని, ఇంకొక పూట పలక పట్టినాడు. ఆ కాలములో మదరాసు నగరములోని కూలివాని బిడ్డకు అక్షరము వచ్చుటే గగనముగా ఉన్నప్పుడు ఇది చిన్న ఉపకారము కాదు. పనివారి బాగోగులు చూచుటలో ఆదర్శమైన మిల్లు అని అప్పటి ప్రభుత్వ విచారణ సంఘములు దీనిని మెచ్చుకొన్నవి కూడ.

అయినను మెప్పులో ఒక ముడి ఉన్నది. ఇంగ్లండులో 1833లో చేసిన ఫ్యాక్టరీ చట్టము, మిల్లులో పనిచేయు చిన్నపిల్లలకు రోజుకు రెండు గంటల చదువు తప్పనిసరి అన్నది. నలుబది ఎనిమిదేండ్ల తరువాత అదే దొరలు ఇక్కడ చేసిన చట్టములో బడి మాట లేదు. అక్కడ హక్కుగా ఉన్నది ఇక్కడ యజమాని దయ అయినది. దయ గల యజమాని బడి పెట్టినాడు, దయ లేనివాడు పెట్టలేదు. ఎవరిని అడుగుటకు ఎవరికిని అధికారము లేదు. పైగా బడి గేటుకు కట్టివేసినది. తండ్రికి ఉద్యోగముంటే బిడ్డకు బడి ఉన్నది. తండ్రి మేస్త్రీతో తగవుపడి బయటకు వచ్చిననాడు?

ఈ ప్రశ్న ఊహామాత్రము కాదు. 1918 ఏప్రిల్ 27వ తేదీన ఈ మిల్లు పనివారి కొరకే మదరాసు లేబర్ యూనియన్ ఏర్పడినది. పెరంబూరులో వ్యాపారము చేసుకొను సెల్వపతి చెట్టిగారు, రామానుజులు నాయుడుగారు పనివారి కష్టములు చూచి బి.పి. వాడియాగారిని పిలుచుకొని వచ్చినారు. దేశములో క్రమపద్ధతిలో నడచిన తొలి కార్మిక సంఘము ఇదేనని చరిత్రకారులు వ్రాయుదురు. 1920లో కంపెనీవారు వాడియాగారి మీదను, సంఘ నాయకుల మీదను హైకోర్టులో దావా వేసి, పనివారిని సమ్మెకు పురికొల్పరాదని ఉత్తరువు తెచ్చినారు. సంఘము పెట్టుకొనుటే నేరమా అని దేశమంతటా అలజడి బయలుదేరి, చివరకు 1926లో ట్రేడ్ యూనియన్ చట్టము వచ్చినది. 1921లో జరిగిన సమ్మె నెలల తరబడి సాగి, పేటకు పేటకు మధ్య పగలు రేపి, పులియాంతోపులో ఇండ్లు తగులబడి, పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. బిడ్డకు పలక ఇచ్చిన చేయి, తండ్రి సంఘము మీద దావా వేసిన చేయి ఒక్కటే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట చరిత్ర కాదని మా అభిప్రాయము.

ఇదే కాలములో బీహారు అడవులలో టాటావారు ఉక్కు కార్ఖానా కట్టి ఊరునే నిర్మించినారు. ఆ జంషెడ్‌పూరులో మన తెలుగువారు వేలమంది స్థిరపడినది అందరెరిగినదే. ఇప్పుడది జార్ఖండు రాష్ట్రములో ఉన్నది. అక్కడ 1912లోనే ఎనిమిది గంటల పనిదినము, 1917లో పనివారి పిల్లలకు చదువు, 1921లో పని నేర్పుటకు సాంకేతిక విద్యాలయము వచ్చినవి. బడి ఒకచోట, కార్ఖానా ఒకచోట అని కాక, పనివాని కొడుకే ఫిట్టరుగా, ఫోర్‌మనుగా ఎదుగుటకు దారి వేయుట ఇందులోని విశేషము. కంపెనీకి లాభము లేకపోలేదు. నేర్పుగల పనివాడు దొరకని దేశములో నేర్పుగలవానిని తయారు చేసికొనుట తప్పని పని. మన రైల్వేలవారు కూడ ఆ లెక్కతోనే 1888లో జమాల్‌పూరు కార్ఖానాలో సాంకేతిక పాఠశాల పెట్టినారు. పనివాని పిల్లలకు చదువు కంపెనీ సొంత అవసరముతో కలిసినప్పుడే గట్టిగా నిలిచినదని ఈ దృష్టాంతములు చూపుచున్నవి.

టాటావారిలో ఇంకొక తీరు కూడ చూడవలెను. జంషెడ్జీ టాటాగారు 1892లో ఉన్నత విద్యకు ఒక నిధి ఏర్పరచినారు. అది దానము కాదు, అప్పు. చదువుకొని సంపాదించి తిరిగి కట్టవలెను. ఆ డబ్బుతో ఇంకొకరు చదువవలెను. కొడుకుల పేర 1919లో ఒకటి, 1932లో ఒకటి ధర్మనిధులు వెలసినవి. ఇప్పటికిని టాటా సన్సు వాటాలలో ఇంచుమించు మూడింట రెండువంతులు ధర్మనిధుల చేతనే ఉన్నవి. కంపెనీ లాభము వచ్చినప్పుడు ధర్మము చేయుట ఒక పద్ధతి. కంపెనీనే ధర్మమునకు వ్రాసియిచ్చుట మరియొక పద్ధతి.

పెద్ద పెద్ద కార్ఖానాలను విడిచి, మన తెలుగువారి సంగతికి వత్తము. పొట్టకూటికి మదరాసు చేరిన బీద తెలుగు బాలుడొకడు పెద్దవాడై వైద్యుడైనాడు, మందుల కంపెనీ పెట్టినాడు, ఆ సంపాదనతో ఇదే నగరములో పిల్లలకు పాఠశాల పెట్టినాడు. ఆయనే డాక్టరు కె.ఎన్. కేసరిగారు. కేసరి కుటీరము, లోధ్ర అను స్త్రీల మందు మన అవ్వలందరికి తెలిసిన పేర్లు. గృహలక్ష్మి అను మాసపత్రికను నడిపి, విదుషీమణులకు స్వర్ణకంకణములు తొడిగినారు. తన బాల్యపు కష్టములను నా చిన్ననాటి ముచ్చట్లు అను పుస్తకములో వ్రాసికొన్నారు. మదరాసులో తెలుగు పిల్లలకు చదువు చెప్పిన బడులలో కేసరివారి బడి పేరు ముందు చెప్పవలసినది. దీనికి గేటు లేదు. మందు కొన్నవారి పిల్లలే రావలెనన్న షరతు లేదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కూడ ఈ కోవలోనివారే. 1893లో బొంబాయిలో అమృతాంజనము, 1908లో ఆ బొంబాయినుండే ఆంధ్రపత్రిక! పరదేశమున కూర్చుండి తెలుగు పత్రిక నడిపిన ఘనత వారిది. 1914లో దానిని మదరాసుకు తెచ్చి దినపత్రికగా చేసినారు. 1924లో భారతి, 1926లో ఆంధ్ర గ్రంథమాల వచ్చినవి. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు పుస్తకములై గ్రంథాలయములకు చేరినది. పంతులుగారు పెట్టినది బడి కాకపోయినను, బడి విడిచిన తరువాత చదువు నిలుపుకొనుటకు పుస్తకమే గదా ఆధారము.

మిల్లుల కథ ఎట్లు ముగిసినదో అందరము చూచినాము. బకింగ్‌హాం కర్ణాటిక్ మిల్లులు 1996లో మూతపడినవి. చిత్తూరు ప్రాంతమునుండి పోయి మనవారు స్థిరపడిన కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. కంపెనీ ఇల్లు, కంపెనీ ఆసుపత్రి, కంపెనీ నీళ్ళు అని బ్రతికిన ఊళ్ళు అవి. కంపెనీయే లేనప్పుడు అన్నిటికిని మరియొక దిక్కు వెదకుకొనవలసి వచ్చినది. కనుక దయకు ఉన్న లోటు ఒకటే కాదు, రెండు. యజమాని మనసు మారవచ్చును, యజమానియే పోవచ్చును.

దయను చట్టముగా మార్చవలెనన్న ఆలోచన మెల్లగా పెరిగినది. గాంధీగారు ధనవంతులు తమ ధనమునకు ధర్మకర్తలుగా మాత్రమే ఉండవలెనని బోధించినారు. 1965లో ఢిల్లీలో జయప్రకాశ్ నారాయణ్‌గారి చొరవతో వ్యాపారుల సామాజిక బాధ్యతను గురించి ఒక సదస్సు జరిగినది. తరువాత చాలకాలము మాటలే. 2013 కంపెనీల చట్టములోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. 500 కోట్ల రూపాయల నికర విలువగాని, 1000 కోట్ల టర్నోవరుగాని, 5 కోట్ల నికర లాభముగాని ఉన్న కంపెనీ, గడచిన మూడేండ్ల సగటు నికర లాభములో నూటికి రెండు చొప్పున ప్రజాహిత కార్యములకు ఖర్చు చేయవలెను. ఏయే పనులకో ఏడవ షెడ్యూలు చెప్పుచున్నది. అందులో విద్య ఉన్నది, పిల్లలకు, స్త్రీలకు, వికలాంగులకు ఉపాధి కలిగించు వృత్తి నైపుణ్యములు ఉన్నవి. 2021 సవరణల తరువాత ఖర్చు పెట్టక మిగిలిన డబ్బును కంపెనీ తన పెట్టెలోనే ఉంచుకొనుటకు వీలు లేదు. నడుచుచున్న పథకముదైతే ప్రత్యేక ఖాతాలో వేసి మూడేండ్లలో ఖర్చు చేయవలెను, కానిచో ప్రభుత్వము చెప్పిన నిధికి జమకట్టవలెను.

ఈ చట్టములో మాకు అన్నిటికన్న వింతగా తోచినది వేరొకటి. కంపెనీ తన ఉద్యోగులకు, వారి కుటుంబములకు మాత్రమే చేయు మేలు ఈ రెండువంతుల లెక్కలోనికి రాదని 2014 నిబంధనలు చెప్పినవి. అనగా నాటి మిల్లు బడి నేడు ఉన్నయెడల, దాని ఖర్చు సామాజిక బాధ్యత క్రింద చెల్లదు! నూరేండ్ల క్రిందట పనివాని బిడ్డకు తప్ప ఇతరులకు బడి లేదు. ఇప్పుడు పనివాని బిడ్డ తప్ప ఇతరులకే లెక్క. ఆలోచించి చూడగా ఇందులో న్యాయమున్నది. ఉద్యోగి బిడ్డకు చేయునది జీతములో భాగము, ఊరికి చేయునది వేరు. రెంటిని కలిపి ఒకే పద్దులో వ్రాసి పేరు తెచ్చుకొనరాదు. గుమాస్తాలమైన మాకు ఈ పద్దుల తేడా బాగుగనే బోధపడినది. కాని గేటు లోపలి బిడ్డ సంగతి చూచుటకు సంఘములు బలముగా ఉండవలెను. అవి ఇప్పుడు నాటివలె బలముగా లేవు.

చేతిపని విషయములో ఇప్పుడు రెండు మార్గములు కనబడుచున్నవి. ఒకటి పొట్టి మార్గము. హైదరాబాదులో 1996లో వెలసిన డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ వంటి సంస్థలు నిరుద్యోగ యువకులకు ఇంచుమించు మూడు నెలలు శిక్షణనిచ్చి ఉద్యోగములలో చేర్చు పథకములు నడిపినవి. రెండవది పొడుగు మార్గము. బెంగుళూరు దగ్గర బిడదిలో టొయోటా కంపెనీ 2007లో, అనగా చట్టము రాకముందే, ఒక విద్యాలయము తెరచినది. కర్ణాటక పల్లెలలోని బీద కుటుంబముల పిల్లలను పదవ తరగతి తరువాత చేర్చుకొని, అక్కడనే బస, భోజనము ఇచ్చి మూడేండ్లు పని నేర్పుదురు. మూడు నెలలవాడు అంగడిలో నిలబడగలడు. మూడేండ్లవాడు యంత్రము విప్పి తిరిగి బిగించగలడు. రెండును కావలసినవే. కాని లెక్కలు చూపించుటకు పొట్టి మార్గమే సులువు. ఒక యేటిలో ఇన్ని వేలమందికి నేర్పితిమని వ్రాసికొనవచ్చును. మన పిల్లల తండ్రులు మాత్రము పొడుగు మార్గమును వెదకవలెనని మా సలహా. 1961 అప్రెంటిసుల చట్టము ప్రకారము, ముప్పదిమందికి తక్కువ కాకుండ పనివారున్న ప్రతి సంస్థ అప్రెంటిసులను తీసికొనుట విధి. ఇది దానము కాదు, విధి, అడుగుటకు మొగమాటపడనక్కరలేదు.

భాష సంగతి కూడ ఒకటి ఉన్నది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో ఇంటిలో తెలుగు మాటలాడు కుటుంబములు ఎన్నియో ఉన్నవి. అక్కడి ప్రభుత్వ పాఠశాలలలో వెనుకబడిన పిల్లలకు సాయపడుటకు అశోక్ లేలాండు కంపెనీ 2015లో రోడ్ టు స్కూల్ అను పథకము మొదలుపెట్టినది. తమిళనాడులో 2006లో చేసిన చట్టముతో పాఠశాలలలో తమిళము తప్పనిసరి అయినది. నివసించు చోటి భాష నేర్వవద్దని మేము అనుటలేదు. తమిళము రానివాడు ఈ ఊళ్ళో గుమాస్తాగా కూడ నెగ్గలేడు. అయినను ఇంటిభాషలో అక్షరము రాని బిడ్డ మొదటి రెండు తరగతులలోనే వెనుకబడుట కండ్లారా చూచుచున్నాము. ఏడవ షెడ్యూలు విద్య అన్నదేగాని ఏ భాషలో అని చెప్పలేదు. కాబట్టి తెలుగు పంతులమ్మగారి జీతమునకు, తెలుగు వాచకములకు, చిన్న గ్రంథాలయమునకు కంపెనీని అడుగుటకు అడ్డమేమియు లేదు. తాను పనిచేయు చుట్టుప్రక్కల ప్రాంతమునకు కంపెనీ ప్రాధాన్యమీయవలెనని కూడ చట్టమే చెప్పుచున్నది.

అడుగుటకు పద్ధతి కలదు. 2021 ఏప్రిల్ 1 నుండి కంపెనీల డబ్బు తీసికొని పనిచేయు సంస్థ కేంద్ర ప్రభుత్వము వద్ద సి.ఎస్.ఆర్.-1 అను ఫారములో నమోదు కావలెను. మనవంటి సొసైటీకి ఆదాయపు పన్ను శాఖవారి 12-ఏ, 80-జి నమోదులుండవలెను. అట్టి పనిలో మూడేండ్ల అనుభవము చూపవలెను. మూడేండ్ల అనుభవమనగా మూడేండ్ల హాజరు పట్టీలు, మూడేండ్ల ఆడిట్ లెక్కలు. కనుక సాయంకాలపు తెలుగు తరగతిని ఎవరో డబ్బిచ్చిన తరువాత మొదలుపెట్టుదమనుకొన్నచో అది ఎన్నటికి మొదలుకాదు. నలుగురు పిల్లలతోనైనను ముందు తరగతి నడుపవలెను, పట్టీ వ్రాయవలెను, రసీదులు దాచవలెను. ఈ పట్టీలు వ్రాయు పనికి సాయంకాలములలో మేమును, మా తోటి గుమాస్తాలును సిద్ధముగా ఉన్నామని కార్యదర్శిగారికి ఇదివరకే చెప్పియున్నాము.

చివరకొక మనవి. బిన్నీవారి బడిలో చదివినవారి సర్టిఫికెట్లుగాని, మిల్లు తీయించిన ఫొటోలుగాని, రైలు కార్ఖానా అప్రెంటిసు ఒప్పంద పత్రములుగాని ఎవరి ఇంటి పెట్టెలలోనైన ఉన్నయెడల, వాటిని పారవేయక ఒకసారి సంఘ కార్యాలయమునకు తెచ్చి చూపవలెను. నకలు తీసికొని అసలు కాగితము అప్పుడే తిరిగి ఇచ్చివేయుదుము.